ఆఖరి కారవెల్ పారాచూట్

పారాచూట్ దొరికింది. శేరిలింగంపల్లిలో, విమానాల మెకానిక్ ఐలయ్య కొట్టంలో, గడ్డి కింద.

ఎస్సై రామచంద్రం ఉదయం ఎనిమిదింటికే ఐలయ్యను జీపు వెనక పడేశాడు. ఊరు ఊరంతా వాకిళ్లలోకి వచ్చి చూసింది. ఐలయ్య తల్లి భాగ్యమ్మ జీపు వెంటపడి దుమ్మెత్తిపోసింది. రామచంద్రానికి ఒళ్లు మండింది. దొంగను కని, పైగా పోలీసులకు శాపనార్థాలా?

1976 జూలై. ముందురోజు సాయంత్రం నాలుగింటికి కారవెల్ జెట్ విమానం ఆఖరిసారి బేగంపేట ఎయిర్‌పోర్టులో దిగింది. దిగగానే దాని తోకలోంచి ఒక పారాచూట్ విచ్చుకుని వేగం తగ్గిస్తుంది. ఆ పారాచూటే మాయమైందని స్టోర్‌కీపర్ యజ్ఞనారాయణ రాత్రి రిపోర్టిచ్చాడు. పొద్దున్నే ఎవరో పేరు చెప్పకుండా స్టేషన్‌కు ఫోన్ చేసి, ఐలయ్య కొట్టం వెతకమన్నారు.

విమానాలు నిలిపే హ్యాంగర్‌లో ఇద్దరినీ ఎదురెదురుగా నిలబెట్టాడు రామచంద్రం.

"రన్‌వే మీంచి పారాచూట్ తెచ్చిందెవడు?"

"నేనే సారు. తెచ్చి ఈయన చేతిల పెట్టిన," అన్నాడు ఐలయ్య.

"పచ్చి అబద్ధమండీ!" యజ్ఞనారాయణ అరిచాడు. "ఈ లోకల్ వాళ్లతో ఎప్పుడూ ఇదే గొడవండీ."

"నోరు జర సంభాళించుకో! బొంబాయి ట్రైనింగుకు నన్ను పిలిచిండ్రని నీకు కడుపుమంట. నీ బావమరిది బుల్లిబాబును పిలువలేదని."

కారవెల్ పోతోంది. కొత్త జెట్ల మీద పని నేర్పే ఆ ట్రైనింగులో ఒక్కడికే చోటు. దొంగ అని ముద్ర పడితే ఐలయ్యకు ఆ చోటే కాదు, ఉన్న ఉద్యోగం కూడా పోతుంది.

రామచంద్రం కొట్టంలో దొరికిన సంచీ విప్పాడు. లోపలి గుడ్డ తడిమాడు. మళ్లీ తడిమాడు. ముఖం మాడిపోయింది.

"యజ్ఞనారాయణా, విమానం దిగేటప్పుడు వానేనా?"

"కుండపోతండీ."

"పారాచూట్ నేలమీద ఈడ్చుకుపోతుందా?"

"చివరిదాకా అండీ."

"మరి దీనికి బురద మరకేది? తడేది?"

యజ్ఞనారాయణ సంచీ వంక చూశాడు. "ఉతికి ఆరేసుంటాడండీ."

"రాత్రంతా వాన. ఇంత గుడ్డ ఎక్కడ ఆరేసిండు, నీ నెత్తి మీదనా? స్పేర్ పారాచూట్ ఉందా?"

"స్టోర్‌లో భద్రంగా ఉందండీ."

"తాళం ఎవరి దగ్గర?"

"నా ఒక్కడి దగ్గరేనండీ."

"తియ్యి."

తలుపు తెరవగానే తడిగుడ్డ ముక్కిన వాసన వచ్చింది. పై అరలోని సంచీ నుంచి నల్లటి నీళ్లు బొట్లుబొట్లుగా కారుతున్నాయి. రామచంద్రం దాన్ని కిందికి లాగాడు. రన్‌వే బురదంతా అందులోనే ఉంది.

"స్పేర్‌ను నిన్న పొద్దున, ఐలయ్య డ్యూటీలో ఉండంగ, కొట్టంలో పెట్టొచ్చినవ్. అప్పుడు ఎండ కాస్తుండె. సాయంత్రం ఐలయ్య తెచ్చిచ్చిన దాన్ని స్పేర్ అని లెక్క చూపనీకి ఇక్కడ అరలోకి ఎక్కించినవ్. వాన పడుతదని అనుకోలే. పొద్దున ఫోన్ చేసింది కూడా నువ్వే కదా?"

"అవునండీ," అన్నాడు యజ్ఞనారాయణ తల వంచుకుని. రామచంద్రం బేడీలు వేశాడు.

"ఇగ నువ్వు ఇంటికి పోవచ్చు, ఐలయ్యా."

ఐలయ్య కదల్లేదు.

"గట్లెట్ల సారు? నడుచుకుంట పోతే మీరు విడిచిపెట్టిండ్రంటరు, దొంగ కాదనరు. ఊరంత చూడంగ ఎక్కిచ్చిండ్రు. ఊరంత చూడంగ దింపుండ్రి."

రామచంద్రానికి కోపం నెత్తికెక్కింది. ఏదో అనబోయాడు. ఆగి, జీపు ముందు సీట్లో ఎక్కమని చెయ్యి చూపాడు.

పన్నెండింటికి జీపు మళ్లీ శేరిలింగంపల్లి చేరింది. బేడీలతో యజ్ఞనారాయణ వెనక ఉన్నాడు. ఐలయ్య ముందు సీట్లో కూర్చున్నాడు.

భాగ్యమ్మ చేతిలో చీపురుతో ఎదురొచ్చింది. ఎస్సై దిగి, టోపీ తీసి, జనమందరికీ వినబడేలా అన్నాడు.

"అమ్మా, నీ కొడుకు దొంగ కాదు."

ఆమె చీపురు కింద పడేయలేదు.