విశాలి పంపిన ఖాళీ డంప్

"విశాలి మనల్ని అమ్మేసింది. కనబడితే కాల్చెయ్."

చీఫ్ లక్ష్మీకామేశ్వరి ఆ మాట చెప్పి టీ కప్పు అందుకుంది. అరసవల్లిలో ఓ లాడ్జి గది. ఆదివారం కావడంతో కింద రోడ్డంతా దర్శనానికొచ్చిన జనం, ఆటో హారన్లు. ఏజెంట్ ఉపేంద్ర భక్తుడి వేషంలో నిలబడ్డాడు. కండువా గూఢచారి విభాగానిది, గుండు మాత్రం సొంతం.

"ఆధారం?"

"ఇదిగో." కాగితాల కట్ట బల్ల మీదికి విసిరింది.

విశాలి డబుల్ ఏజెంట్. నెల్లిమర్లలో షిప్పింగ్ కంపెనీ పేరుతో నడుస్తున్న విదేశీ ముఠాలో వాళ్ళ మనిషిలా తిరుగుతోంది. ఖరీదైన చీరలు, నల్ల కళ్ళద్దాలు, ముఠా నాయకుడు హార్ట్‌మన్ కారులో పక్క సీటు. వాళ్ళ మెయిన్‌ఫ్రేమ్ కంప్యూటర్ బాధ్యతంతా ఆమెదే. మనకు కబురు పంపాలంటే ఓ ప్రోగ్రామ్‌ని కావాలని క్రాష్ చేస్తుంది. అప్పుడు మెమరీలో ఉన్నదంతా పొల్లుపోకుండా అచ్చవుతుంది. దాన్నే డంప్ అంటారు. రిపేరు కోసం ఆ డంప్ బయటి ఇంజనీరుకు వెళ్తుంది. ఆ ఇంజనీరు మనవాడు.

"మన జలాంతర్గాముల జాడ పట్టిచ్చే సోనార్ కీ వాళ్ళ చేతిలో ఉంది. ఇవాళే పడవెక్కిస్తున్నారు. ఎక్కడో విశాలి చెప్పాలి. ఏం పంపిందో చూడు. ఖాళీ!"

ఉపేంద్ర చూశాడు. నిజమే. ఒక లైను నిండా ఖాళీలు. దాని కింద ఒకే ముక్క: "18340 నుంచి 84120 వరకు పై లైను లాగే." ఒకే లైను మళ్ళీ మళ్ళీ వస్తే డంప్ అన్నిసార్లూ అచ్చెయ్యదు. ఈ అడ్రసు నుంచి ఆ అడ్రసు దాకా అంతా అదేనని చెప్పి ఊరుకుంటుంది.

"మధ్యలో దాచిన లైన్లు విప్పి చూశారా?"

"అనలిస్టులు అన్నీ విప్పారు. అన్నీ ఖాళీలే."

డంప్ చదవడం విశాలికి నేర్పింది ఉపేంద్రే. ఆమె అమ్ముడుపోయిందంటే అతని ప్రాణం ఒప్పుకోవడం లేదు. ముఠాకి అనుమానం వచ్చి, బయటికి పోయే ప్రతి కాగితాన్నీ చదువుతుంటే? ఒక్క అక్షరం కూడా రాయలేని మనిషి ఏం చేస్తుంది?

"మేడమ్, లోపల ఏముందో వెతికారు గానీ ఎక్కడ మొదలై ఎక్కడ ఆగిందో చూడలేదు. ఆ ఖాళీ ఎంత మేర ఉండాలన్నది ఆమె చేతిలో పని. రెండంకెల తర్వాత చుక్క పెట్టి ఫోన్ మ్యాప్‌లో కొట్టండి."

చీఫ్ కొట్టింది. 18.340 ఉత్తరం, 84.120 తూర్పు. మ్యాప్ జరుగుతూ వెళ్ళి కళింగపట్నం దగ్గర ఆగింది.

"ఆమె మన మనిషే మేడమ్. ఆర్డర్ రద్దు చెయ్యండి."

"ఆర్డర్ పైవాళ్ళది. రద్దు కూడా పైనుంచే రావాలి. అడుగుతాను. ముందు నువ్వు బయల్దేరు."

కళింగపట్నం ఒడ్డున ఎండుచేపల వాసన దట్టంగా ఉంది. విభాగానికి ఎప్పటినుంచో కబుర్లు మోసే జాలరి ధనరాజ్ పడవ సిద్ధంగా ఉంచాడు.

"అల్లదిగో సూడండి బాబూ. వంశధార మొగలోంచి సంద్రంలోకి పోతన్నాది ఇంజన్ బోటు. ఆడమనిసే నడుపుతన్నాది."

"పట్టుకోగలమా?"

"ఏటి పట్టుకుంటాం బాబూ? అది మన పడవకి అందదు."

బైనాక్యులర్స్‌లో హార్ట్‌మన్ కనిపించాడు, ఒళ్ళో సోనార్ కీ పెట్టెతో. చుక్కాని దగ్గర విశాలి. నీటి తుంపరలకి మొహానికి స్కార్ఫ్ చుట్టుకుంది. మొగ దాటితే ఇక ఆ పెట్టె ఎవరికీ దొరకదు. ఉపేంద్ర ఆశ వదిలేసుకున్నాడు.

సరిగ్గా అప్పుడు బోటు పక్కకి తిరిగింది.

"ఓలమ్మో! అటెల్తాదేటి? అక్కడ ఇసక మేటున్నాది!"

విశాలికి ఆ సంగతి తెలుసు. బోటు మేటని గుద్దుకుని ఒరిగిపోయింది. పెట్టె నురగలో పడి మునిగింది. ఉప్పునీళ్ళు తగిలిన సోనార్ కీ ఇక తుక్కు ఇనుము. హార్ట్‌మన్‌ని పక్క పడవవాళ్ళు వలేసి లాగారు. విశాలి నడుం లోతు నీళ్ళలో నిలబడి దగ్గుతోంది. బతికే ఉంది! ఉపేంద్ర చిన్నపిల్లాడిలా కేక పెట్టాడు.

నెత్తి మీద సన్నని మోత వినిపించింది. డ్రోన్. అతను ఫోన్ తీశాడు.

"మేడమ్, అది ఎవరిది?"

"మనదే. నువ్వు చోటు చెప్పగానే పంపాను. విశాలి ఫొటో దానికి ఎక్కించాం. మొహం కనబడితే అదే కాలుస్తుంది."

"ఆపండి!"

"రద్దు రాలేదు ఉపేంద్రా. అది రాకుండా ఆపడం నా చేతిలో లేదు."

అతను ఆ అంకెలు విప్పకపోతే డ్రోన్ ఇక్కడికి వచ్చేదే కాదు. ఉపేంద్ర రెండు చేతులూ ఊపుతూ అరిచాడు.

"విశాలీ! స్కార్ఫ్ తియ్యకు!"

కెరటాల హోరులో ఆమెకి వినబడలేదు. గుండుతో ఉన్నా అతన్ని గుర్తుపట్టింది. పిలుస్తున్నాడనుకుంది. కళ్ళద్దాలు తీసింది. స్కార్ఫ్ విప్పి, నవ్వుతూ చెయ్యి ఊపింది.

డ్రోన్ కాల్చిన చప్పుడు పెద్దగా రాలేదు.

ధనరాజ్ నీళ్ళ వైపు చూస్తూ అడిగాడు. "ఎవులు బాబూ ఆయమ్మ?"

"మా మనిషి."

విశాలిని కాల్చాలన్న ఆర్డర్ రద్దయినట్టు మంగళవారం ఉత్తర్వు అందింది. తక్షణమే అమలు చెయ్యాలని అందులో ఉంది.