కిటికీ తెరిచినవాడు

"ఇక మిగిలింది ఒక్క సాక్షి. రెండోవాడు నిన్న హోటల్లో కాఫీ తాగుతూ తాగుతూనే బల్లమీద వాలిపోయాడు."

బుకారెస్టు నిఘా ఆఫీసులో కర్నల్ జంఫిరా సిగరెట్ నలిపేసి, ఏజెంట్ పాంఫిల్ ముఖంలోకి చూసింది.

"ఆ విదేశీ ముఠా నాయకుడి ముఖం చూసినవాడు ఇప్పుడు ఇంజినీర్ లియోనిదా ఒక్కడే. రేపు కాన్‌స్టాంట్సా కోర్టులో గుర్తుపట్టాలి. ఇవాళ మధ్యాహ్నం రైలెక్కుతున్నాడు. హంతకుడూ అదే కంపార్ట్‌మెంట్‌లో ఉంటాడు."

"ఫొటో?"

"లేదు. పేరూ లేదు. రెండేళ్ళు కూర్చోబెట్టి అచ్చం రొమేనియన్‌లా బతకడం నేర్పారట. కొరీనా చెప్పింది."

కొరీనా అంటే ముఠాలో మావాళ్ళు పెట్టిన అందగత్తె. ముఠా మాత్రం ఆమెను మా దగ్గర తాము పెట్టిన మనిషనుకుంటోంది. ఎవరి లెక్క నిజమో అప్పటికి ఎవరికీ తెలియదు.

పాంఫిల్ నవ్వాడు. "వాళ్ళేం నేర్పుతారు మేడమ్! పాడుబడ్డ కోట, రక్తం తాగే దొర, పిల్లిమొగ్గలేసే పిల్ల, స్టేషన్లో జేబుదొంగ. మన దేశం గురించి వాళ్ళకు తెలిసింది అంతే కదా!"

"ఈసారి గట్టిగానే నేర్పారు. వేషం వేసుకో. చర్చి ఫాదర్."

"జులైలో గడ్డమా మేడమ్?"

"దేశం కోసం."

రైలు బయల్దేరేసరికి కంపార్ట్‌మెంట్ కొలిమిలా ఉంది. తలుపు తెరిచే ఉంది, అవతల నడవాలో కిటికీ కూడా తెరిచే ఉంది. లోపలి కిటికీ మాత్రం బిగించి ఉంది. తలుపు పక్కన ఇంజినీర్ లియోనిదా చెమటలు కక్కుతూ కూర్చున్నాడు. కిటికీ దగ్గర ఎర్ర టోపీతో కొరీనా, ఆమెకు ఎదురుగా మీర్చా అనే కుర్రాడు. నడుమ సీట్లో పాంఫిల్, ఒళ్ళో ప్రార్థన పుస్తకం, పుస్తకం లోపల పిస్టల్. అతనికి ఎదురుగా ఒక మహానుభావుడు.

ఛీ, ఆ వేషం! ఆ ఎండలో కుట్టుపని చొక్కా, నడుముకు మూడు రంగుల పటకా, చేతిలో ప్లమ్ సారా సీసా. పేరు వర్జిల్.

"మనం రోమన్ల బిడ్డలం ఫాదర్!" అంటూ పాంఫిల్ చెయ్యి ముద్దు పెట్టుకున్నాడు. "ఈ మట్టి వాసన కోసం ఏడ్చేవాణ్ణి!"

ఈ రోమన్ల బిడ్డ ఇరవయ్యేళ్ళుగా స్టుట్‌గార్ట్‌లో టైర్లు అమ్ముతున్నానని తనే చెప్పాడు. ఏ రొమేనియన్ ఇలా తయారై రైలెక్కుతాడు? దూరదేశంలో బొమ్మల పుస్తకం చూసి కుట్టించినట్టుంది ఆ చొక్కా. పాంఫిల్‌కు ఒళ్ళు మండిపోయింది.

మీర్చాను చూస్తే ముచ్చటేసింది. రైలు లేటని ప్రభుత్వాన్ని తిట్టాడు. పొద్దుతిరుగుడు గింజలు ఒలిచి నేలమీదే ఊశాడు. చర్చి కనబడ్డ ప్రతిసారీ మూడుసార్లు శిలువ గుర్తు వేసుకున్నాడు. వద్దన్నా వినకుండా అందరి చేతుల్లో మాంసపు ఉండలు పెట్టాడు. అసలైన మన పిల్లాడు!

కొరీనా వంగింది. "ఫాదర్, ఈ ఏడాది పుచ్చకాయలు తీపిగా ఉన్నాయా?"

అది కోడ్. "విత్తనాలెక్కువ తల్లీ," అన్నాడు పాంఫిల్.

ఆమె కళ్ళు కుట్టుపని చొక్కా వైపు తిరిగాయి. చాలు. పాంఫిల్ వేలు పిస్టల్ మీదికి పోయింది. సారా సీసా లోపల ఏ విషం ఉందో! వర్జిల్ ఆ సీసా లియోనిదా ముందుకు చాపాడు.

"ఒక్క గుక్క, ఇంజినీర్ గారూ! మన నేల కోసం!"

పాంఫిల్ పుస్తకం పైకెత్తాడు. డాన్యూబ్ వంతెన దగ్గర పడింది.

సరిగ్గా అప్పుడే మీర్చా లేచాడు. "అబ్బ, ఉక్క!" అంటూ కిటికీ బర్రున కిందికి లాగి తెరిచాడు.

నడవా కిటికీ తెరిచే ఉంది. తలుపు తెరిచే ఉంది. ఇప్పుడు ఇదీ. గాలి ఇటునుంచి అటు కంపార్ట్‌మెంట్‌ను కోసుకుంటూ పోయింది.

"అమ్మో, గాలి!" లియోనిదా చెవులు మూసుకున్నాడు.

రోమన్ల బిడ్డ సీసా వదిలేసి రెండు చేతులా మెడ పట్టుకున్నాడు. పాంఫిల్ గడ్డాన్ని మెడచుట్టూ కప్పుకున్నాడు. రెండువైపుల గాలి తగిలితే మెడ పట్టేస్తుందని, మూతి వంకరపోతుందని, పిల్లలు పుట్టరని మా దేశంలో ప్రతి తల్లీ చెబుతుంది. ఉక్కతో చచ్చినా చస్తాం గానీ ఆ గాలిలో కూర్చోం.

మీర్చా మాత్రం హాయిగా జేబులోంచి పెన్ను తీశాడు. దాని మొన లియోనిదా వైపు ఉంది. అందులోంచి విషపు ఆవిరి వదిలితే గాలే మోసుకుపోతుంది, దారిలో ఎవరు పోయినా ముఠాకు లెక్కలేదు. ఈ ప్లాన్ కొరీనాకు తెలుసు. నోరు మూసుకుని కూర్చుంటే చాలు. కానీ గాలి మెడకు తగిలేసరికి ఆమె ఎవరి ఏజెంటూ కాకుండా పోయింది, ప్లోయెష్ట్ ఊళ్ళో అమ్మ చేత తిట్లు తిన్న పిల్ల అయిపోయింది.

"మూయరా వెధవా! నిన్న హోటల్లోనూ ఇదే పని! నా మెడ పడిపోతే నువ్వు చూస్తావా?"

పాంఫిల్ గిర్రున తల తిప్పాడు. ఇంతసేపూ ఈ ఇద్దరూ ఒకరికొకరు తెలియనట్టు కూర్చున్నారు!

మీర్చా బొటనవేలు పెన్ను మీటమీద ఉంది. పాంఫిల్ పిస్టల్ ఇంకా వర్జిల్ వైపే ఉంది. అదే క్షణంలో వర్జిల్ అందరి మోకాళ్ళూ తొక్కుకుంటూ వెళ్ళి కిటికీని దభీమని మూసేశాడు. "నీకు అమ్మ లేదట్రా?" అని అరిచాడు.

గాలి ఆగిపోయింది. మూసిన కిటికీ పక్కన మీట నొక్కితే ముందు పోయేది తనే. మీర్చా వేలు బిగుసుకుపోయింది. పాంఫిల్ పిస్టల్ అతని కణతకు ఆనించి, పెన్ను లాక్కున్నాడు.

కొరీనా చేతులకు బేడీలు పడుతుంటే ఆమె అడిగింది ఒక్కటే. "ఆ తలుపు కూడా వేయిస్తారా ఫాదర్?"

మర్నాడు లియోనిదా కోర్టులో ముఠా నాయకుడికేసి వేలు చూపించాడు. ఆ సాయంత్రం విచారణ గదిలో మీర్చా తల పట్టుకుని అడిగాడు.

"అసలు ఆ గాలిలో ఏముంది? రెండేళ్ళలో ఎవరూ చెప్పలేదే!"

"మా డాన్సులు నేర్పారు, మా ఏడుపులు నేర్పారు," అన్నాడు పాంఫిల్ చీదరగా. "మమ్మల్ని నేర్చుకోవడం ఎవడికి కావాలి?"

ఆ మాట అంటూ తల తిప్పబోయి కుయ్యిమన్నాడు. మూడురోజులు సెలవు పెట్టాడు. కారణం దగ్గర 'విధి నిర్వహణలో గాలి తగిలింది' అని రాశాడు. కర్నల్ జంఫిరా లేచి తన గది కిటికీ మూసి వచ్చి, సంతకం పెట్టింది.