అక్రోటు కర్రలో గూడు

ఓర్సొలా వచ్చేసరికి ఎర్సీలియా పొలెంటా సంకటి గిన్నె అడుగు గీకుతోంది. తలుపు తీసింది ఆవిడ మేనల్లుడు తుల్లియో. ఇటలీలోని బ్రెషాలో డిటెక్టివ్ పని చేసే మేనత్త దగ్గర శిష్యరికం చేస్తున్నాడతను. నల్లబట్టల్లో ఉన్న ఓర్సొలా గుమ్మంలోనే మొదలెట్టింది.

“రేపు నన్ను పట్టుకుపోతారమ్మా. నా మొగుణ్ణి నేనే చంపానంట.”

ఆమె మొగుడు గాస్పరె ట్రోంపియా లోయలో తండ్రితో కలిసి తుపాకి కర్రలు, అంటే చెక్క పిడులు, చెక్కేవాడు. మొన్న రాత్రి తన పనిబల్ల మీదే, మెడలో తన ఉలే దిగి, చచ్చిపడి కనిపించాడు. ఆ మధ్యాహ్నం వేటగాడు ఫాబ్రీని వచ్చి చూసినప్పుడు తన కొత్త రైఫిల్ కర్రలో మ్యాగజైన్, అంటే తూటాల పెట్టె, కూర్చునే గూడు సగమే తెగి ఉంది. లోతైన మ్యాగజైన్ కావడంతో వేలెడంత బయటికి పొడుచుకొచ్చింది. శవం దొరికేసరికి గూడు పూర్తయి ఉంది. మిగతా సగం చెక్కడానికి సాయంత్రందాకా పడుతుంది. అంటే గాస్పరె పొద్దుగూకేదాకా బతికే ఉన్నాడని పోలీసుల లెక్క. గాస్పరె తండ్రి బొర్తొలో ఆ వేళకి సారాకొట్లో ఉన్నాడు, ఊరంతా చూసింది. మధ్యాహ్నమంతా చెల్లెలింట్లో గడిపిన ఓర్సొలా ఇల్లు చేరింది అప్పుడే.

“పదరా తుల్లియో,” అంది ఎర్సీలియా చెయ్యి కడుక్కుంటూ.

పనికొట్లో ముసలి బొర్తొలో ఆవిణ్ణి ఎగాదిగా చూశాడు.

“పట్నం ఆడవాళ్ళకి ఉలికీ గరిటెకీ తేడా తెలుసా?”

“గరిటె సంగతి తెలుసు పెద్దాయనా. ఉలి సంగతి నువ్వు చెప్పు.”

“ఇనుముకి నూనెమసి పూసి కర్రలో దించుతాం. మసి అంటినచోట కర్ర అడ్డం వచ్చినట్టు. అక్కడ పొర తీస్తాం. మళ్ళీ మసి, మళ్ళీ పొర.”

“నువ్వు వెళ్ళేటప్పుడు మీవాడు?”

“ఆఖరి పొర తీస్తున్నాడు. తల కూడా ఎత్తలేదు.”

ఆవిడ తన రైఫిల్ కోసం వచ్చి ఉన్న ఫాబ్రీని వైపు తిరిగింది. “ఆ రోజు గాస్పరెతో ఏమన్నావు?”

అతను నేల చూశాడు. “మీ నాన్న చెయ్యి దీనికి తగలకూడదన్నాను. గాస్పరె నవ్వాడు. ‘తగలనిస్తానా? గ్లాసే పట్టుకోలేకపోతున్నాడు’ అన్నాడు.”

“పెద్దాయన విన్నాడా?”

“గుమ్మంలోనే ఉన్నాడు.”

ఎర్సీలియా ఆ రైఫిల్ కర్ర అందుకుని, దూది తడిపి, గూడు లోపలి గోడల పైసగం తుడిచింది. నల్లగా వచ్చింది. ఇంకో దూదితో మళ్ళీ తుడిచింది. ఈసారి మసి వెనకాల ఎర్రటి జీర తేలింది. కిందిసగం ఎన్నిసార్లు తుడిచినా వట్టి మసే. పోలీసులు చేతుల్లో తిప్పి చూసి పక్కన పడేసిన కర్రే అది.

“తుల్లియో, సార్జంటుని పిలుచుకురా. అందరూ ఇక్కడే ఉండండి,” అంది ఆవిడ.

సార్జంటు వచ్చాక కర్రని బల్ల మీద పెట్టింది.

“గాస్పరె మెడ తెగినప్పుడు నెత్తురు ఈ గూట్లో పడింది. అప్పటికిది సగమే లోతు. ఆ పాత అడుగుని ఎవరో తరవాత చెక్కేశారు, అందుకే కింద కర్రకి నెత్తురంటలేదు. చచ్చినవాడు ఉలి పట్టడు. ఈ కొట్లో ఉలి పట్టగలిగిన ఇంకో మనిషి ఈ పెద్దాయన ఒక్కడే. ఫాబ్రీని వెళ్ళగానే కొడుకుని పొడిచి, శవాన్ని పక్కకి నెట్టి, సాయంత్రందాకా కూర్చుని గూడు పూర్తిచేశాడు. ఆ పని కొడుకు ఖాతాలో వేస్తే చావు పొద్దుగూకాక జరిగినట్టవుతుంది, కోడలు ఉరెక్కుతుంది.”

“మరి గూడు గోడల మీది నెత్తురు గీకెయ్యలేదేం?” అన్నాడు సార్జంటు.

“గీకితే మ్యాగజైన్ వదులైపోదూ? మెడకి ఉరి బిగిసినా సరే, పని వదులుగా ఉంటే ఈయన భరించలేడు. మసి పూసి కప్పెట్టాడు.”

బేడీలు పడుతుంటే బొర్తొలో గొంతు పెంచాడు.

“పెట్టి చూడవయ్యా ఫాబ్రీనీ! వెంట్రుక దూరే సందుందేమో చూడు. వణికే చెయ్యి చేసే పనా ఇది? వాడికి నేర్పిందే నేను!”

ఫాబ్రీని మ్యాగజైన్ని దించాడు. మెత్తగా జారి కూర్చుంది. ముసలివాడి మొహం వెలిగిపోయింది.

ఓర్సొలా వచ్చి కర్ర లాక్కుంది. మ్యాగజైన్ ఊడదీసి, గూటిని కిటికీకెదురుగా ఎత్తి పట్టింది. పక్కగోడలో సన్నటి వెలుతురు గీత మెరిసింది. ఉలి జారి, గోడ బయటిదాకా చీలిపోయింది.

“గోడ పోయింది, మామయ్యా.”

ఆయన కళ్ళు గట్టిగా మూసుకున్నాడు. “అబద్ధం. లాక్కుపొండి నన్ను,” అన్నాడు.

“ఆగండి సార్జంటుగారూ,” అంది ఓర్సొలా. కర్రని ఆయన మొహానికి ఆనించి, ఆ వెలుతురు రెప్పల మీద పడేలా సర్ది, ఆయన కళ్ళు తెరిచేదాకా అలాగే పట్టుకు నిలబడింది.