తొమ్మిదిన్నర గొంతు

మా కోస్తాలో ఇసకమిట్టపాళెం అని ఒక చిన్న పల్లె ఉంది. ఊరికీ సముద్రానికీ మధ్య సరుగుడు తోపు, ఆ తోపు చివర తుఫాను షెల్టర్. రెండంతస్తుల సిమెంటు కట్టడం. చీకటి పడితే ఆ వైపు కుక్క కూడా పోదని చెప్తారు. కుక్కలు పోతాయి, నేను చూశాను. పోనిది మనుషులే.

ఎందుకు పోరంటే — రాత్రి తొమ్మిదిన్నరకు ఆ ఖాళీ షెల్టర్ పైనుంచి ఒక ఆడగొంతు పిలుస్తుంది. బొంగురుగా, తెగి తెగి... "ఒడ్డుకు... రండి..."

అది కామమ్మ గొంతని ఊరు తేల్చేసింది. సముద్రంలో పోయిన మొగుణ్ణి పిలుచుకుంటోందట.

ఈ కథ నాకు చెప్పింది కామమ్మ కూతురు దుర్గ. గూడూరులో నా నెట్ సెంటర్‌కి ఏవో ఫోటోలు ప్రింటు తీయించుకోవడానికి వచ్చి చెప్పింది. చెప్తున్నంతసేపూ ఆ పిల్లకు కన్నీటి చుక్క రాలేదు. నాకు మాత్రం ఒళ్ళు మండింది. ఇప్పటికీ మండుతూనే ఉంది, కాబట్టి నేను నెమ్మదిగా చెప్పలేకపోతే మీరే సర్దుకోండి.

ముందు దుర్గ నాన్న గంగులయ్య సంగతి. రెండేళ్ళ కిందట షెల్టర్ పైన కొత్తగా హార్న్‌లు బిగించి, కింద గదిలో కంప్యూటర్ పెట్టారు. తుఫాను వస్తుందంటే జిల్లా ఆఫీసులో కూర్చుని టైం కొడితే చాలు, ఆ టైంకి ఇక్కడ హార్న్ దానంతటదే హెచ్చరిక చదువుతుంది. బిగించిన కాంట్రాక్టు మనిషి పేరు గిరిబాబు. హార్న్ మోగితే వేటకు పోవద్దు, మోగకపోతే ధైర్యంగా పొండి అని ఊరందర్నీ కూర్చోబెట్టి మరీ చెప్పాడు. ఫోన్లకు వచ్చే మెసేజీలు చూసీ చూసీ విసిగిన పల్లె ఆ మాట నమ్మింది.

ఆ కార్తీకంలో గాలివాన వచ్చింది. ఆ రోజు ఊరు ఊరంతా పక్కపల్లెలో పెళ్ళికి పోయింది. రేవులో మిగిలింది గంగులయ్య, కామమ్మ ఇద్దరే. దుర్గ అప్పుడు కాలేజీ హాస్టల్లో ఉంది. ఆకాశం మబ్బుగా ఉంది. గంగులయ్య మూడింటిదాకా హార్న్ వైపు చెవి పెట్టుకుని కూర్చున్నాడు. మోగలేదు గదా అని తెప్ప దించాడు. మళ్ళీ రాలేదు.

తర్వాత ఆఫీసు వాళ్ళు వచ్చి కాగితం చూపించారు. హెచ్చరిక మధ్యాహ్నం ఒంటిగంటకే మోగింది, కంప్యూటర్ రాసుకుంది, వాచ్‌మన్ సంతకం పెట్టాడు, విని కూడా పోయినవాడిదే తప్పు అన్నారు. కామమ్మ ఒకే మాట మీద నిలబడింది.

"ఒంటిగంటకు మోగలేదు సార్. దీపం పెట్టే యాళకు మోగింది. అప్పటికి ఆయన పోయి మూడు గంటలు దాటుండాది."

మొగుడు పోయి మతి చెడిందన్నారు. ఊళ్ళో వాళ్ళూ అదే అన్నారు, పెళ్ళి భోజనం తిని మర్నాడు తీరిగ్గా వచ్చినవాళ్ళు. ఎనిమిది నెలలు ఆ షెల్టర్ మెట్ల మీద కూర్చుని, వచ్చేపోయేవాళ్ళకు అదే మాట చెప్పి చెప్పి కామమ్మ చచ్చిపోయింది. ఆమె పోయిన నెలకే ఆ గొంతు మొదలైంది.

దుర్గ డిగ్రీ చదివింది. పగలంతా రొయ్యల షెడ్డులో రొయ్యలు వలుస్తుంది. కంపెనీల పెద్ద కంప్యూటర్లు, అంటే సర్వర్లు, చూసుకునే ఉద్యోగానికి కావలసిన సర్టిఫికెట్ పరీక్ష ఒకటి రాస్తోంది. అందులో టిక్కులు పెట్టడం ఉండదు. ఒక మిషను ఇచ్చి, మూడు గంటల్లో చెప్పినవన్నీ దాని మీద చేసి చూపించమంటారు. మొదటిసారి కొద్దిలో తప్పింది. సర్వర్ గడియారాన్ని మన ఇండియా టైంకి మార్చమన్న ప్రశ్న తేలికేలే అని చివరికి పెట్టుకుంటే, అక్కడికి వచ్చేసరికి టైం అయిపోయింది. రెండోసారికి నెల గడువుంది. ఈసారీ తప్పితే ఆ రొయ్యల షెడ్డే గతి.

ప్రాక్టీసుకు నెట్ కావాలి. ఆ పల్లెలో సిగ్నల్ సరిగ్గా దొరికేది షెల్టర్ పై వరండాలోనే. మేనత్త అడ్డం పడింది. మీ అమ్మ నిన్ను కూడా పిలుచుకుపోతుందే అని ఏడ్చింది. దుర్గకు భయం కంటే ముందు కోపం వచ్చింది. బతికున్నన్నాళ్ళూ పిచ్చిదన్నారు, చచ్చాక దెయ్యమంటున్నారు. షెడ్డు నుంచి రాగానే ల్యాప్‌టాప్ సంచీ తగిలించుకుని ఒక్కతే తోపులోకి నడిచింది.

సముద్రం హోరు. మెట్ల నిండా ఇసక. అమ్మ కూర్చునే మూడో మెట్టు దగ్గర కాలు ఒక్క క్షణం ఆగింది... దాటింది.

వరండాలో గోడకానుకుని ప్రాక్టీసు మొదలుపెట్టింది. డిస్కు విడగొట్టడం, కొత్త యూజర్లను చేర్చడం, ఒక పని చెప్పిన టైంకి దానంతటదే నడిచేలా పెట్టడం... ఒకటి కుదిరితే ఇంకోటి తప్పుతోంది.

అప్పుడు — నెత్తిన గరగరమని చప్పుడు.

ఆగింది.

మళ్ళీ గరగర. ఆ వెనకే, ఊపిరాడని మనిషి మాట్లాడినట్టు — "పోవద్దు... ఒడ్డుకు... రండి..."

అమ్మా అని పిలవబోయింది. భయానికి ఎక్కడ చూడాలో తెలియక స్క్రీన్ మూల చూసింది. తొమ్మిదీ ముప్పై.

మర్నాడు మళ్ళీ వెళ్ళింది. ఈసారి సెకన్లు కనబడే గడియారం తెరిచి పెట్టుకుంది. తొమ్మిదీ ముప్పై, సున్నా సెకన్లు — గరగర. మూడో రాత్రీ అంతే. ఒక్క సెకను కూడా అటూ ఇటూ కాలేదు.

"మా అమ్మ ఏనాడూ టైంకి అన్నం వండలేదన్నా," అంది దుర్గ నాతో. "సెకను తప్పకుండా పిలిచేది ఆమె కాదు."

అంత కచ్చితంగా టైం పాటించేది ఏమిటో దుర్గకు తెలుసు. రాత్రుళ్ళు తను నేర్చుకుంటున్నదే అది. ఎవరో టైం పెట్టి, మళ్ళీ తిరిగి చూడకుండా వదిలేసిన పని.

నాలుగో రోజు షెడ్డు మానేసి షెల్టర్ వాచ్‌మన్ దగ్గరికి వెళ్ళింది, ఆయన పేరు సమాధానం. హార్న్‌ని ఎప్పుడైనా మోగించి చూస్తారా అని అడిగింది. రోజూ సాయంత్రం నాలుగింటికి మోగుతుందన్నాడు, పోయినేడు, కామమ్మ చనిపోయిన నెలకు వచ్చిన ఆర్డరు. రిజిస్టరు తెచ్చి చూపించాడు. రోజుకో వరస, '4 గంటలకు మోగినది', పక్కన సంతకం.

"నువ్వు విన్నావా అన్నా?"

సమాధానం తల దించుకున్నాడు. "పొద్దున వచ్చి చూస్తే కంప్యూటర్లో నాలుగని పడుంటాదమ్మా. అదే ఎక్కిస్తా. నాకైతే నాలుగింటికి వినబడలేదు, మిషను అబద్ధం రాయదు గదా అనుకున్నా. ఆరింటికి ఇంటికి పోతా."

ఇదండీ పని చేసే తీరు. చెవులున్న మనిషి తన చెవులను నమ్మడు, తెర మీద అంకెను నమ్ముతాడు. ఏడాదిగా విననిదానికి సంతకం పెట్టాడు. పైవాళ్ళు ఆ సంతకం చూసి అంతా సవ్యంగా ఉందన్నారు. ఎవరికీ నిద్ర చెడలేదు.

దుర్గ గది తెరిపించింది. బయట ఎండ. ఫోన్లో సరిగ్గా నాలుగు. హార్న్ మోగలేదు. కంప్యూటర్ తెర మీద గడియారం ఉదయం పదిన్నర చూపిస్తోంది.

"అది ఎప్పుడూ అంతేనమ్మా," అన్నాడు సమాధానం.

విషయం చిన్నది. ఇలాంటి కంప్యూటర్లు ఎక్కువగా లండన్ వైపు గడియారంతోనే మన చేతికి వస్తాయి. ఇది ఇండియా అని బిగించినవాడు చెప్పాలి. చెప్పకపోతే, నాలుగింటికి మోగమంటే దాని నాలుగింటికి మోగుతుంది. మన గడియారం దానికంటే ఐదున్నర గంటలు ముందు. దాని నాలుగు మనకు రాత్రి తొమ్మిదిన్నర. ఉప్పుగాలికి హార్న్‌లన్నీ తుప్పు పట్టి ఒక్కటే మిగిలింది, అందుకే రికార్డు చేసిన ఆ ఆడగొంతుకు అంత బొంగురు.

దుర్గ అక్కడితో ఆగలేదు. కంప్యూటర్ రాసుకున్న చిట్టాలో తుఫాను రోజు దాకా వెనక్కి వెళ్ళింది. ఒకే వరస ఉంది. హెచ్చరిక, ఒంటిగంట.

దాని ఒంటిగంట...

మనకు సాయంత్రం ఆరున్నర. దీపం పెట్టే వేళ.

దుర్గ ఆ తెరనీ, రిజిస్టరునీ, గోడ మీది గడియారాన్నీ ఫోటోలు తీసుకుంది. తర్వాత గిరిబాబుకు ఫోన్ చేయించింది. మర్నాడు బైకు మీద వచ్చాడు. చూసి నవ్వాడట. నవ్వాడు!

"చిన్న సెట్టింగమ్మా ఇది. ఐదు నిమిషాల పని."

"ఐదున్నర గంటలు సార్," అంది దుర్గ. "మా నాయన మూడింటికి తెప్ప దించినాడు."

గిరిబాబు కంప్యూటర్ ముందు కూర్చున్నాడు. గడియారం సరిచేశాడు. ఆ సాయంత్రం నాలుగింటికి, మంచి ఎండలో, హార్న్ గరగరలాడి మోగింది. వలలు వదిలేసి ఊరంతా పరుగెత్తుకొచ్చింది. అదే గొంతు. పగటిపూట వింటే ఎవరో పట్నం అమ్మాయి కాగితం చూసి చదువుతున్నట్టు తెలిసిపోతోంది. మేనత్త కొంగు నోట్లో కుక్కుకుంది. మిగతావాళ్ళు దుర్గ మొహం చూడలేక ఇసక చూశారు.

దుర్గ రిజిస్టరులో తుఫాను రోజు పేజీ తీసి, సమాధానం చేతిలో ఎర్ర పెన్ను పెట్టింది. ఆయన అందరి ముందూ పాత వరస కింద రాశాడు. 'సాయంత్రం ఆరున్నరకు మోగినది. కామమ్మ చెప్పినది నిజము.' కింద సంతకం పెట్టాడు. ఈ రెండేళ్ళలో తెలిసి పెట్టిన సంతకం అదొక్కటే.

పరీక్ష నెల్లూరులో రాసింది. గడియారం ప్రశ్న మళ్ళీ వచ్చిందట, ముందు దాన్నే చేసింది. పాసయింది. మా దగ్గర ప్రింటు తీసిన ఫోటోలు, ఆ ఎర్ర సిరా పేజీతో సహా, పై ఆఫీసుకు రిజిస్టరు పోస్టులో పంపింది. ఐదు నెలలైంది. జవాబు లేదు.

ఇప్పుడు రాత్రి తొమ్మిదిన్నరకు షెల్టర్ దగ్గర సముద్రం చప్పుడు తప్ప ఏమీ వినబడదు. కామమ్మ అక్కడ లేదు, ఎప్పుడూ లేదు. నా కోపమంతా అదే. ఉండుంటే, ఆ ఆఫీసుకు దారి నేనే దగ్గరుండి చూపించేవాణ్ణి.