అడ్డంగా నా సంతకం

దెయ్యాలు అర్ధరాత్రే వస్తాయని ఎవరు పుట్టించారో గానీ, నా దగ్గరికి మాత్రం పట్టపగలే వచ్చింది. బయట ముసురు. కింద అక్క కుట్టుమిషన్ టకటకలాడుతోంది. నేను ల్యాప్‌టాప్ ముందు కూర్చుని, ఓ ఆన్‌లైన్ సైట్లో బొమ్మల పనులకి అప్లై చేస్తున్నాను. 'ఈ పని మీకే ఎందుకివ్వాలి?' అని ప్రతివాడూ అడుగుతాడు. 'నాకు గీయడం వచ్చు కాబట్టి' అని రాస్తే పొగరంటారు. అయినా నేను అదే రాస్తాను.

అక్క టైలరింగ్ షాపు మీద ఉన్న చిన్న గది నాది. ఒక తలుపు, ఒక కిటికీ, టేబుల్, ప్లాస్టిక్ కుర్చీ, బొమ్మలు గీసే డిజిటల్ పలక, దాని పెన్ను. పెన్ను చేతిలో జారకుండా అక్కే దానికి ఎర్రదారం చుట్టిచ్చింది. ప్రేమ లేక కాదు గానీ, ఈ గదిలో రెండో మిషన్ వేసుకుందామని ఎప్పట్నుంచో దాని కన్ను.

"ఒసేయ్ పిచ్చుకా, ఈ నెల అద్దెలో నీ వాటా రాకపోతే గది ఖాళీ చేసి కిందికొచ్చి కాజాలు కుట్టు," అంది పొద్దున.

పిచ్చుక నా ముద్దుపేరు. సన్నటి మనిషిని, నోరు మాత్రం ఆగదు. బొమ్మల మీద సంతకం కూడా ఆ పేరుతోనే పెడతాను.

"కలలు కను. ఈ గది వదిలి నేనెక్కడికీ పోను," అన్నాను.

ఇంతకుముందు ఒకడు నా చేత బొమ్మ గీయించుకుని, డబ్బులు ఎగ్గొట్టి ఉడాయించాడు. అప్పట్నుంచి క్లయింటుకి చూడ్డానికి పంపే ప్రతి బొమ్మ మీదా నా సంతకం అడ్డంగా, ఏటవాలుగా, ఈ మూల నుంచి ఆ మూల దాకా వరసలు వరసలుగా వేస్తాను. తెల్లగా, పలచగా, కిటికీ ఊచల్లా ఉంటుంది. డబ్బులు పడ్డాకే చెరిపి అసలు ఫైలు ఇస్తాను. ఈ పనిలో ఉన్నవాళ్లంతా చేసేదే ఇది.

ఆ మధ్యాహ్నం ఒక మెసేజ్ వచ్చింది. పేరు లేదు, ఫొటో లేదు.

'ఒక గది. గోడ వైపు తిరిగి కూర్చున్న ఆడమనిషి. గీయగలరా?'

మామూలుగా అడిగేదానికి రెట్టింపు చెప్పాను. బేరమాడకుండా ఒప్పుకున్నారు. అక్కడే అనుమానం రావాలి. అద్దె కళ్లముందు ఆడుతుంటే అనుమానం ఎక్కణ్ణుంచి వస్తుంది?

గీశాను. బూడిదరంగు గోడ, చెక్క కుర్చీ, జుట్టు విరబోసుకున్న వీపు. సంతకాలు అడ్డంగా వేసి పంపాను.

'బాగుంది. కాస్త ఇటు తిప్పండి.'

తిప్పాను. చెవి, కొంచెం చెంప కనపడ్డాయి.

'ఇంకాస్త.'

మళ్లీ తిప్పాను.

'ఇంకాస్త.'

"రెండు మార్పులు ఉచితం. మూడోదానికి విడిగా ఇవ్వాలి," అని రాశాను. నేనేమన్నా తేరగా దొరికానా?

'ఇస్తాం' అన్నారు. ఫైలు తెరిచాను.

ఆవిడ అప్పటికే ఇటు తిరిగి ఉంది.

నేను గీయలేదు. మేం బొమ్మని పొరలు పొరలుగా గీస్తాం. గోడ ఒక పొర, కుర్చీ ఒక పొర, మనిషి ఒక పొర. ఆవిడ పొర తెరిచి చూశాను. ఖాళీ. ఏమీ లేని పొర మీద ఆవిడ కూర్చుని ఉంది. కళ్లు మూసుకుని. గదిలో తడి సున్నం వాసన మొదలైంది. చాలాకాలం తలుపులు తియ్యని ఇంట్లో వచ్చే వాసన.

మొహం సరిగ్గా చూద్దామని సంతకాల పొర తీసెయ్యబోయాను. ఆవిడ కళ్లు తెరిచింది.

చెయ్యి వెనక్కి లాక్కున్నాను.

'తీసెయ్యండి,' అని మెసేజ్. 'ఆ పేరు అడ్డంగా ఉంటే ఆవిడ బయటికి రాలేదు.'

అబద్ధమెందుకు, భయమేసింది. దాని వెనకే ఒళ్లు మండింది. దెయ్యాలైతే మాత్రం? నా చేత ఉత్తినే పని చేయించుకుంటాయా?

"ముందు డబ్బులు. తర్వాతే చెరుపుతాను," అని రాశాను.

కింద మిషన్ ఆగింది. వాన చప్పుడు కూడా ఆగింది. కుర్చీ కిర్రుమంది... నాది కాదు, బొమ్మలోది. ఆవిడ లేచింది. నడిచి వచ్చింది. సంతకాల దగ్గర ఆగి, ఒక గీతని వేలితో తడిమింది. తోసింది... కదల్లేదు. నా పేరు కదల్లేదు!

"తియ్..." అంది గుసగుసగా. ల్యాప్‌టాప్ స్పీకర్ ఆఫ్‌లో ఉంది.

"తియ్యను. డబ్బులు పడనీ," అన్నాను.

ఫోన్ టింగుమంది. డబ్బులు పడ్డాయి. మూడో మార్పుతో సహా.

మాటంటే మాటే. క్లయింటుకి ఇచ్చిన మాట నేనెప్పుడూ తప్పలేదు. కానీ ఆవిడ నవ్వింది. ఆ నవ్వు నాకేసి కాదు, నా వెనకున్న తలుపుకేసి, మెట్లకేసి. ఆ మెట్లు దిగితే ముందు కనపడేది మా అక్క.

డబ్బులు వెనక్కి పంపేశాను. తిరిగొచ్చాయి. మళ్లీ పంపాను. మళ్లీ వచ్చాయి.

"చెరపను పో! ఏం చేసుకుంటావో చేసుకో," అని రాసి, ల్యాప్‌టాప్ మూత ఠపీమని మూశాను.

చప్పుడు లేదు. పలక పక్కనుండాల్సిన పెన్ను లేదు. టేబుల్ కింద వెతికాను. కుర్చీ కింద వెతికాను. అప్పుడు మూసిన మూతలోంచి... గర... గర... ఎవరో తీరుబడిగా గీస్తున్నట్టు.

మూత ఎత్తాను. ఆవిడ నాకు వీపు పెట్టి, గోడ మీద ఏదో రాస్తోంది. చేతిలో పెన్ను. దానికి ఎర్రదారం. గోడ నిండా ఒకటే సంతకం. పిచ్చుక. అచ్చం నా చేతిరాత. నేను చూస్తుండగానే ఆఖరి అక్షరం పూర్తి చేసింది.

"అక్కా!" అని అరుస్తూ తలుపు దగ్గరికి పరిగెత్తాను. తలుపు తీసే ఉంది. నా తల దేనికో ఠంగుమని తగిలింది. గుమ్మానికి అడ్డంగా, ఏటవాలుగా, తెల్లగా, పలచగా... నా సంతకాలు. రెండు చేతులతో తోశాను. చల్లగా ఉన్నాయి. కదల్లేదు.

మెట్లెక్కి అక్క వచ్చింది. మెళ్లో టేపు, వేళ్లకి సుద్ద. నాకేసి చూసింది, అంత దగ్గర్నుంచి, తెర మీది బొమ్మని చూసినట్టు. తర్వాత పక్కకి తిరిగి, పక్కన ఎవరో నిలబడి ఉన్నట్టు నవ్వింది.

"అబ్బ, అచ్చం నీలాగే గీశావే! మరి అడ్డంగా ఈ తెల్లగీతలేంటి?"

"డబ్బులు పడ్డాకే చెరుపుతానక్కా," అంది నా గొంతు.

"అక్కా, అది నేను కాదే! నేనిక్కడున్నానే!" గొంతు చించుకున్నాను. అక్క అప్పటికే మెట్లు దిగుతోంది. దాంతోపాటు ఇంకొకరి అడుగుల చప్పుడు.

అది నా సంతకం. నేను పెట్టింది నాకే అడ్డమా? గోళ్లతో గీకుతున్నాను. వేళ్లు మండుతున్నాయి గానీ, ఒకచోట తెలుపు కాస్త పలచబడింది. పలచబడింది, నేను చూశాను. అక్క దగ్గర ఆవిడని ఎక్కువసేపు ఉండనివ్వను.

వెనక చెక్క కుర్చీ కిర్రుమంది. నా గదిలో చెక్క కుర్చీ లేదు.

"బాగుంది," అన్నారెవరో, చాలా మర్యాదగా. "కాస్త ఇటు తిరగండి."

"తిరగను," అన్నాను.

ఇంతవరకూ తిరగలేదు.