పచ్చ మీట, ఎర్ర మీట

రస్ పైక్, ఒడెట్ గన్యో మొదటిసారి పోట్లాడుకున్నది నా నెత్తిమీదే అని చెప్పాలి. రస్ పికప్ బండిలో ముందు ఒకటే పొడుగాటి సీటు. స్టీరింగ్ దగ్గర అతను, కిటికీ దగ్గర ఆమె, మధ్యలో నేనూ నా అల్లిక సంచీ. ఇక తప్పించుకునే దారేది?

ముగ్గురం ఒకే ఊరి నుంచి శాసనసభకి ఎన్నికైనవాళ్ళం. మా రాష్ట్రం అరచేతిలో ఇమిడేంత, సభలో మాత్రం నాలుగు వందల మందిమి. జీతం పేరుకి ఇస్తారు, దాంతో ఒక జత మంచు బూట్లు కూడా రావు. అందుకని ఆ సభకి వచ్చేవాళ్ళలో సగం మంది నాలా రిటైరై ఇంట్లో తోచనివాళ్ళు, మిగతావాళ్ళు ఊరివాళ్ళు నిలబడమంటే కాదనలేక నిలబడ్డవాళ్ళు. పార్టీ ఏదైనా ఒకే బండిలో రాజధానికి వెళ్ళడం మా దగ్గర ఎప్పట్నుంచో ఉన్న అలవాటు.

రస్ చలికాలం రోడ్ల మీద మంచు తోస్తాడు, ఎండాకాలం కట్టెలు కొట్టి అమ్ముతాడు. పాలకపక్షం. చర్చి గడప తొక్కడు. ఒడెట్ పిల్లలకి పియానో నేర్పుతుంది, ఆదివారం చర్చిలో ఆర్గన్ వాయిస్తుంది. ప్రతిపక్షం. ఇద్దరూ మూడో తరగతి నా దగ్గరే చదివారు. తప్పు ఒప్పుకోవడం ఇద్దరికీ అప్పుడూ రాలేదు.

"ఆ బిల్లు మీద నీ సంతకం చూశాను," అంది ఒడెట్, బండి ఇంకా ఊరి చివర చెత్తకుప్ప దాటకముందే.

"ఏ బిల్లు?"

"ప్రజాధన పవిత్రత బిల్లు. పేరు కూడా గుర్తులేదా?"

"ఎందుకు లేదు? మంచి బిల్లే."

"చదివావా?"

రస్ అద్దం సర్దుకున్నాడు. "చూశాను."

"చూడటానికి అదేమన్నా సినిమానా?"

"క్రేన్ గారు నా చేపల బిల్లు మీద సంతకం పెట్టారు. నేను ఆయన బిల్లు మీద పెట్టాను. క్యాంటీన్‌లో అందరూ చేసేదే."

క్రేన్ అంటే రస్ పార్టీకి సభలో పెద్ద తలకాయ. నాదీ పేరుకి ఆ పార్టీయే. ఈ వయసులో నన్నెవరు ఏం చెయ్యగలరు అన్న ధైర్యంతో ఇష్టమొచ్చినట్టు ఓటేస్తుంటాను.

"మన హార్డ్‌వేర్ కొట్టు పై అంతస్తులో క్లినిక్ ఉందే, ఈ బిల్లు పాసైతే అది మూతపడుతుంది. అదన్నా తెలుసా?"

"అక్కడ అబార్షన్లు చెయ్యరుగా."

"చెయ్యరు. ఎవరైనా ఏడుస్తూ వచ్చి అడిగితే ఎక్కడికెళ్ళాలో అడ్రసు చెప్తారు. అడ్రసు చెప్పినా సర్కారు డబ్బు ఆపేస్తారని రాశారు. ఆ డబ్బు ఆగితే వాళ్ళు అద్దె కూడా కట్టలేరు. మా అక్క సెలెస్ట్‌కి ఇప్పుడు ఆరో నెల. బీపీ ఎక్కువ. వారం వారం అక్కడే చూస్తున్నారు. ఇక కొండ దాటి వెళ్ళమంటావా?"

"మీ అక్క కోసం అయితే నేనే బండిలో తీసుకెళ్తాను. ఆ అడ్రసు మాత్రం నా పన్నుడబ్బుతో చెప్పొద్దు."

"నా పన్నుడబ్బుతోనే నీకు మంచు తోసే కాంట్రాక్టు ఇచ్చారు. నేనేమన్నా అన్నానా?"

"మంచు తొయ్యకపోతే నువ్వు చర్చికెలా వెళ్తావు?"

"ప్రార్థన చేసుకుంటూ వెళ్తాను, నీకు బుద్ధి రావాలని."

నేను అల్లిక ఆపలేదు గానీ కుట్లన్నీ జారిపోయాయి.

ఇలా వారాలు గడిచాయి. బండి ఎక్కగానే మొదలయ్యే పోట్లాట రాజధాని గోపురం కనపడేదాకా సాగేది. విచిత్రమేమిటంటే, ఒడెట్‌కి జలుబు చేసి ఒక రోజు రాకపోతే రస్ దారంతా రేడియోతో కుస్తీ పట్టాడు. రేడియో పెట్టాడు, కట్టేశాడు, మళ్ళీ పెట్టాడు. మర్నాడు ఆమె ఎక్కగానే, "నిన్న బండి ప్రశాంతంగా ఉంది," అన్నాడు, మొహం వెలిగిపోతూ.

ఆ రోజు నుంచి మోకాలు నొప్పని చెప్పి కిటికీ పక్కకి జరిగాను. నా మోకాలికేం రోగం? శుభ్రంగా ఉంది. ఒడెట్ మధ్యలో కూర్చోవాల్సొచ్చింది. ఆ బండికి గేరు కర్ర నేల మీంచి లేస్తుంది, సరిగ్గా ఆమె మోకాలి దగ్గర. గేరు మార్చిన ప్రతిసారీ రస్ "సారీ" అనేవాడు. ఆ దారిలో గేరు మార్చాల్సినన్ని మలుపులు ఉన్నాయని అంతకుముందు నాకు తెలియదు. ఆమె కూడా పక్కకి జరగలేదు, ఆ మాట కూడా చెప్పాలి.

మార్చిలో బిల్లు ఓటింగుకి వచ్చింది. రెండు పక్షాలూ వేళ్ళు మడిచి లెక్కపెట్టుకున్నాయి. లెక్క సరిసమానంగా వచ్చింది. ఎదుటి పక్షంలో ఒక్కరు రాకపోయినా బిల్లు గట్టెక్కుతుందని క్రేన్ ఆశ.

ఆ రోజు పొద్దున ముసురుముసురుగా మంచు పడుతోంది. ఒడెట్ ఇంటి ముందు బండి ఆపితే ఆమె సంచి లేకుండా బయటికొచ్చింది. కోటు బొత్తాలు ఒకదాని కాజాలో ఇంకొకటి పెట్టుకుంది.

"నేను రావట్లేదు. అక్కని రాత్రే కొండవతల ఆస్పత్రిలో చేర్చారు. బీపీ పెరిగిపోయింది, ఇవాళే కాన్పు చేసేస్తామంటున్నారు. బావ ఎక్కడో సముద్రం మీదున్నాడు. అక్క ఒక్కతే ఉంది."

"క్లినిక్ వాళ్ళే పంపించారా?" అన్నాను.

"వాళ్ళే కనిపెట్టారు టీచర్. లేకపోతే..." అని ఆగిపోయింది. తర్వాత రస్ వైపు తిరిగింది. "నాకు జత ఇస్తావా?"

జత అంటే మా సభలో పాత మర్యాద. ఒకరు రాలేని పరిస్థితి వస్తే, ఎదుటి పక్షంలో ఒకరు తానూ ఓటు వెయ్యనని మాటిస్తారు. రెండు ఓట్లూ చెల్లు. రాతకోతలుండవు, నోటిమాటే.

రస్ స్టీరింగ్ మీద వేళ్ళతో కొట్టుకుంటూ కూర్చున్నాడు. ఒడెట్ లేకపోతే బిల్లు ఒక్క ఓటుతో గట్టెక్కుతుందనీ, తన ఓటూ ఆగితే పోతుందనీ అతనికి తెలుసు. ఆ బిల్లు సరైనదనే అతని నమ్మకం.

"ఇస్తాను," అన్నాడు చివరికి. "నువ్వు వెళ్ళు. జాగ్రత్తగా నడుపు, దిగుడులో బ్రేకు తొక్కకు."

సభలో ఆ రోజు చర్చ విని తీరాలి. నాలుగు వందల మందిలో మూడొంతులు మగవాళ్ళు, అందులో సగం మందికి మునిమనవలున్నారు. పొద్దుట్నుంచీ గర్భసంచి గురించి మాట్లాడారు. ఒకాయన తన ఆవుల ఈతల గురించి చెప్పి, దాన్నుంచి ఆడవాళ్ళ మీదికి వచ్చాడు. ఇంకొకాయన లేచి, "మా ఇంట్లో ఏ ఆడమనిషికీ ఇలాంటి అవసరం రాలేదు, రాదు," అన్నాడు గుండె మీద చెయ్యేసుకుని. పైన గ్యాలరీలో ఆయన భార్య కళ్ళజోడు తీసి తుడుచుకోవడం మొదలుపెట్టింది. ఆయన ప్రసంగం అయిపోయినా తుడుస్తూనే ఉంది.

ఒడెట్ పక్షం వాళ్ళేం తక్కువ తినలేదు. అందరూ ఒకే రంగు కండువాలు వేసుకొచ్చి, చర్చ నడుస్తుండగా మెట్ల మీద ఫొటోలు దిగారు. మా ఊరి క్లినిక్ పేరు ఒక్కరి నోటా రాలేదు.

ఓటింగుకి ముందు క్రేన్ మా వరుసలోకి వచ్చాడు.

"జత ఇచ్చావటగా అబ్బాయ్. కాగితం ఏమన్నా రాసిచ్చావా?"

"లేదు."

"మరింకేం? పచ్చ మీట నొక్కు."

"మాటిచ్చానండీ."

"బిడ్డల ప్రాణాల కంటే నీ మాట ఎక్కువా?"

రస్ మొహం ఎర్రబడింది. నేను కల్పించుకున్నాను. "ఆ అమ్మాయి ఒక బిడ్డ పుట్టుక కోసమే వెళ్ళింది క్రేన్. ఆ సంగతీ నీ ప్రసంగంలో కలుపుకో."

"లొరేనా గారూ, మీరు అల్లుకోండి," అన్నాడు క్రేన్. రస్ చెవిలో మాత్రం నాకు వినపడేట్టు, "ఆ పిల్ల మీద మోజుంటే పూలు కొనివ్వు, బిల్లులు ఇవ్వకు," అని వెళ్ళిపోయాడు.

రస్ మైకు దగ్గరికెళ్ళాడు. "నాకు ఒడెట్ గన్యో గారితో జత. ఆవిడ ఉంటే వద్దని వేసేవారు. నేను కావాలని వేసేవాణ్ణి. ఇద్దరం వెయ్యట్లేదు," అన్నాడు. వచ్చి రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని కూర్చున్నాడు. మొన్నటిదాకా 'మన రస్సు' అన్నవాళ్ళే వెనక నుంచి బూతులు తిట్టారు.

పచ్చ మీట, ఎర్ర మీట. మా సభలో ఏది నొక్కాలో తెలియక తప్పు నొక్కే తాతలు రెండు పక్షాల్లోనూ సమానంగా ఉన్నారు కాబట్టే రాష్ట్రం ఇంతకాలం నడిచింది. బోర్డు వెలిగింది. అటూ ఇటూ సమానం. సమానమైతే బిల్లు పడిపోయినట్టే.

సాయంత్రంలోగా రస్‌ని చేపల కమిటీ నుంచి పీకేసి, రాష్ట్ర అధికారిక తాబేలు ఏదో తేల్చే కమిటీలో వేశారు.

మేం ఆస్పత్రికి చేరేసరికి ఒడెట్ కారిడార్‌లో చల్లారిపోయిన కాఫీ పట్టుకుని ఉంది.

"ఆడపిల్ల. పిడికెడంత ఉంది. అద్దాలపెట్టెలో పెట్టారు. అక్క బాగానే ఉంది," అంది. అప్పుడు ఏడ్చింది. రస్ చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక టోపీ తీసి నలిపాడు.

"బిల్లు పోయింది," అన్నాడు.

"తెలుసు. థాంక్స్." కళ్ళు తుడుచుకుంది. "ఒకటడగనా? నేను అక్కడే ఉండుంటే ఏది నొక్కేవాడివి?"

"పచ్చ."

"నా మొహం చూస్తూనే?"

"చూడకుండా నొక్కేవాణ్ణి."

"ఇచ్చిన మాట మీద నిలబడ్డావు. బాగుంది. మరి అక్క లాంటివాళ్ళ కోసం ఎవరు నిలబడతారు?"

రస్ గోడకి ఆనుకున్నాడు. "ఒడెట్, నేను పుట్టేనాటికి మా అమ్మకి పదిహేడు. ఆ పనికోసం బస్సెక్కి వెళ్ళింది కూడా. ఆ గుమ్మం దాకా వెళ్ళి తిరిగొచ్చింది. నేనిలా నిలబడి నీతో మాట్లాడుతున్నానంటే అందుకే. నన్నేం చెయ్యమంటావు చెప్పు."

ఒడెట్ కాఫీ కప్పు పక్కన పెట్టేసింది. ఆమె గొంతులో కోపం పోయింది.

"ఎవరాపారు మీ అమ్మని?"

"ఎవరూ ఆపలేదు. తనే వచ్చేసింది."

"అంతే కదా నేను అడిగేది," అంది ఒడెట్.

రస్ టోపీ నెత్తిన పెట్టుకుని బండి తాళాలు తీశాడు. ఇంటికి వచ్చేదాకా రేడియో పెట్టడం కూడా మర్చిపోయాడు.

క్రేన్ ఊరుకునే రకమా? మా సభలో ఓడిన బిల్లుని వెంటనే మళ్ళీ పైకి తియ్యొచ్చు. మరుసటి వారమే తీశాడు. ఈసారి జతల్లేవు, రస్ ఉన్నాడు, ఒడెట్ ఉంది. బండిలో ఆమె ఏమీ అడగలేదు.

"నేనేం నొక్కుతానో అడగవా?" అన్నాడు రస్.

"అడగను. అడిగితే నాకోసం నొక్కానంటావు."

ఓటింగుకి ముందు రస్ మళ్ళీ మైకు దగ్గరికెళ్ళాడు. మాటలు వెతుక్కున్నాడు. "అబార్షన్ తప్పనే నా అభిప్రాయం. నిన్నటికీ ఇవాళ్టికీ మారలేదు. మా అమ్మ నన్ను కనాలనుకుంది, కనింది. అప్పుడు ఆమెకి ఎవరూ తలుపులు మూసెయ్యలేదు. మా ఊరి క్లినిక్ తలుపు మూసే బిల్లు మీద నేను చదవకుండా సంతకం పెట్టాను. ఇప్పుడు చదివాను."

వచ్చి ఎర్ర మీట నొక్కాడు. బిల్లు రెండు ఓట్ల తేడాతో పోయింది.

"ఆడదాని కోసం పార్టీని అమ్మేశాడు," అన్నాడు క్రేన్ అందరికీ వినపడేట్టు.

"నీ బిల్లు మొత్తం ఆడవాళ్ళ గురించేగా క్రేన్," అన్నాను. "ఒక్క మగాడు ఒక్క ఆడమనిషి మాట చెవిన పెడితే అంత కడుపుమంట దేనికి?"

తిరుగుదారిలో మంచు ఆగింది. ఒడెట్ మధ్యలో కూర్చుని ముందుకే చూస్తోంది.

"నాకోసమేనా?" అంది ఉన్నట్టుండి.

"కాదు. మా అమ్మ కోసం."

"బతికిపోయావు. నాకోసం అనుంటే ఇక్కడే దిగి నడిచిపోయేదాన్ని. మిగతాది మాత్రం నేను ఒప్పుకోను. నీ అభిప్రాయం తప్పు."

"తెలుసు నువ్వు ఒప్పుకోవని."

"జీవితాంతం ఒప్పుకోను."

రస్ గొంతు సవరించుకున్నాడు. "జీవితాంతం అంటే, ఎక్కడుండి ఒప్పుకోవు? మీ ఇంట్లోనా, మా ఇంట్లోనా?"

"అడిగేదేదో సరిగ్గా అడుగు. టీచర్ వింటున్నారు."

అతను బండి పక్కకి తీసి ఆపాడు. టోపీ తీశాడు. "నన్ను పెళ్ళి చేసుకుంటావా? నువ్వు వద్దన్నా పొద్దున్నే బండి మీ ఇంటి ముందే ఆగుతుంది. ఎవరి బలవంతమూ లేదు. నీ ఇష్టం."

ఒడెట్ చెయ్యి చాచి తాళం తిప్పి ఇంజను కట్టేసింది. నేను తలుపు తీసుకుని దిగి రోడ్డు పక్కన నిలబడ్డాను. చలి ఎముకలు కొరికేస్తోంది, చీకటి పడబోతోంది, ఇంటికింకా చాలా దూరముంది. అయినా నేను వాళ్ళని తొందరపెట్టలేదు.