ఐసొలేషన్ గదిలో అంకుల్

ఐర్లండ్‌లో, నేస్ అనే ఊళ్లోని ఒక అద్దె ఇంట్లో, వంటగది నేల మీద, రవి కుమార్ చచ్చి పడి ఉన్నాడు. ఒంటి మీద చిన్న గీత కూడా లేదు. అది 2021 జూన్. ఊపిరాడక పోయిన ఏ మనిషి విషయంలోనైనా జనం చెప్పే కారణం ఒక్కటే, కరోనా. కానీ రవి అరచేతులు రెండూ నేరేడుపండు రంగుకి తిరిగి ఉన్నాయి.

మర్నాడు ఉదయం, పడమటి ఐర్లండ్‌లోని కాజిల్‌బార్‌లో ఒక సూపర్‌మార్కెట్ కార్ పార్క్. కారు ముందు సీట్లో గూఢచారి ఆఫీస్ చీఫ్ రాజగోపాల్. వెనక సీట్లో ఏజెంట్ అభిజిత్. ఇద్దరికీ మాస్కులు. నాలుగు అద్దాలూ దింపే ఉన్నాయి.

"విషం చర్మంలోంచి ఎక్కింది. దేనితో పట్టించారో తెలీదు," అన్నాడు రాజగోపాల్. "రవి చివరి కేసు నకిలీ వ్యాక్సిన్ ముఠా. సీసాల్లో ఉప్పునీళ్లు నింపి విశాఖ పంపారు. ఓడ ఇవాళ రేవుకి చేరింది. రాత్రికి సరుకు లారీలకెక్కుతుంది. కొన్ని వందల కంటైనర్లలో ఏది మనదో తెలిసినవాడు ఒక్కడే. గోపాలరావు. ముఠా ల్యాబ్‌లో కెమిస్ట్. పారిపోయాడు."

"ఎక్కడున్నడు సార్?"

"ఇనిష్‌కోర్ దీవిలో. బ్యాక్‌ప్యాకర్ల హాస్టల్లో. లాక్‌డౌన్ సడలించారుగా, కుర్రాళ్లంతా దీవులెక్కుతున్నారు. యాభై ఎనిమిదేళ్ల మనిషి వాళ్లలో కలిసిపోయాడు. సాయంత్రం పడవలో తీసుకురా. ముఠా మనిషి కూడా ఈ ఉదయం పడవకే వెళ్తున్నాడు. ఆడో మగో తెలీదు."

రవి అభిజిత్‌కి ఈ పని నేర్పిన గురువు.

రాజగోపాల్ పవర్ బ్యాంక్‌లా కనిపించే ఒక పెట్టె వెనక్కి అందించాడు. "శాటిలైట్ ఫోన్. హాస్టల్ ఫోన్ అందరికీ వినిపిస్తుంది, వాడొద్దు. దీనికి ఒక్క కాల్‌కే చార్జ్. కంటైనర్ నంబర్ కోసం దాచుకో. ఇంకోటి. రవి పోయాక కోడ్ మార్చాం. కరివేపాకు లేదు. గోంగూర. గోపాలరావుకీ చెప్పాం."

"సార్, నాకు భయమైతుంది."

"కావాలి. భయపడనివాడు రవి," అని రాజగోపాల్ కారు స్టార్ట్ చేశాడు.

పడవలో అభిజిత్‌తో పాటు ఇద్దరే బ్యాక్‌ప్యాకర్లు. ఒకడు ఫెలిక్స్, పక్షుల ఫోటోలు తీసే జర్మన్‌నని చెప్పుకున్నాడు. ఎక్కగానే నవ్వుతూ తన సానిటైజర్ అందరి చేతుల్లో పోసి, తనూ రుద్దుకున్నాడు. రెండో మనిషి తెలుగమ్మాయి. పేరు మధులిక, ట్రావెల్ వీడియోలు చేస్తుందట. ఎర్రటి రెయిన్‌కోటు, గాలికి ఎగిరే జుట్టు, మాస్కు పైన కాటుక కళ్లు. ఆమె ఎదురుగా ఉంటే చూపు తిప్పుకోవడం కష్టం. ఆమె చూపు తన మీద ఉంటే నిలబడటం ఇంకా కష్టం.

హాస్టల్ గుమ్మానికి 'ఐర్లండ్ కరీబియన్‌కి స్వాగతం' అని బోర్డు. దానికి తగ్గట్టు ఇసుక తెల్లగా, నీళ్లు పచ్చగా, వాకిట్లో రెండు తాటిజాతి చెట్లు కూడా ఉన్నాయి. చలికి మాత్రం పళ్లు టకటకలాడుతున్నాయి.

హాస్టల్ నడిపే నోరా గట్టి మనిషి. "మూల గది వైపు ఎవరూ వెళ్లొద్దు. మిస్టర్ రావుకి దగ్గు. ఐసొలేషన్‌లో ఉన్నాడు. టెస్ట్ కిట్ రేపటి పడవలో వస్తుంది. మిగతాదంతా గ్రాండ్," అంది.

అభిజిత్‌కి లోపల్లోపల నవ్వొచ్చింది. ఎంత తెలివైనవాడు! ఈ రోజుల్లో దగ్గే మనిషి గదికి హంతకుడు కూడా వెళ్లడు. వెళ్తే నోరా ఊరుకోదు.

ఆమె దుప్పట్లు ఆరేయడానికి పెరట్లోకి వెళ్లగానే అభిజిత్ మూల గది తలుపుకి నోరు ఆనించాడు.

"అంకుల్, గోంగూర తెచ్చిన."

లోపల దగ్గు ఠక్కున ఆగింది. "ఎర్రదా, తెల్లదా?"

"ఎర్రదే."

"అమ్మయ్య! దగ్గి దగ్గి గొంతు పచ్చి పుండైపోయింది బాబూ."

"కంటైనర్ నంబర్ చెప్పుండ్రి. ఇప్పుడే ఫోన్ చేస్త."

లోపలి గొంతు సన్నబడింది. "చెప్పాక నన్నెవరు పట్టించుకుంటారు బాబూ? ముందు అవతలి ఒడ్డు చేర్చండి. అప్పుడు చెప్తాను."

బతిమాలినా లాభం లేకపోయింది. సాయంత్రం పడవ రేవులోకి వచ్చాకే తలుపు తీస్తానన్నాడు.

అప్పటిదాకా మిగతావాళ్లని గదికి దూరంగా ఉంచాలి. "కొండ దాకా నడుద్దామా?" అని అభిజిత్ అడిగితే ఇద్దరూ వెంటనే బయల్దేరారు. అంత తేలిగ్గా ఒప్పుకున్నందుకే అతనికి భయమేసింది. దారంతా వీపు గోడకి ఆనించుకోవాలనిపించింది గానీ, ఆ దీవిలో గోడలన్నీ మోకాలెత్తు రాళ్లే. ఒక పక్క లోయ, ఒక పక్క సముద్రం, వెనక ఎవరో ఒకరి అడుగుల చప్పుడు. ఫెలిక్స్ ఒక పక్షి కోసం ఆగినప్పుడు మధులిక దగ్గరికొచ్చింది.

"కాజిల్‌బార్‌లో కరివేపాకు దొరుకుతుందా?"

పాత కోడ్. రవి చచ్చే ముందు అతని నోటి నుంచి లాగి ఉంటే తప్ప ఈమెకెలా తెలుసు?

"ఏమోనక్కా, నేను వండుకోను."

ఆమె ముఖం వాడిపోయింది. గొంతు తగ్గించింది. "నువ్వు ఆఫీస్ మనిషివి. నీ కళ్లలో భయం చూస్తేనే తెలుస్తోంది. నేను నాలుగు నెలలుగా ముఠాలో ఉన్నా. రవి పెట్టాడు, నా సంగతి రవికి తప్ప ఎవరికీ తెలీదు. గోపాలరావుని బయటికి రప్పించమని ముఠా నన్ను పంపింది. చంపేవాడెవరో నాకు చెప్పలేదు." ఆగి అడిగింది. "రవి ఎలా ఉన్నాడు? రెండు వారాలైంది ఫోన్ చేసి."

తెలియక అడుగుతోందా? తను చంపిన మనిషి గురించే ఇంత మెత్తగా అడుగుతోందా?

"బాగున్నడు," అన్నాడు.

ఆమె తేలిగ్గా ఊపిరి వదిలి నవ్వింది. ఆ నవ్వు నిజమైతే ఈమె అబద్ధం కాదు. కానీ ఇలా నవ్వగలిగిన వాళ్లనే కదా ముఠాలు ఏరుకునేది. రాజగోపాల్‌ని అడుగుదామా? ఉన్నది ఒక్క కాల్. పవర్ బ్యాంక్‌ని జేబులోనే గట్టిగా పట్టుకున్నాడు.

సాయంత్రం పొగమంచు దిగింది. పడవ హారన్ వినగానే గోపాలరావు తలుపు తీసుకుని వచ్చాడు. బక్క మనిషి, వీపున తనకన్నా పెద్ద బ్యాగు. "ఎవరొచ్చినా నా వెనక నుంచి కదలొద్దు," అని అభిజిత్ అతన్ని వెనక ఉంచుకుని రేవు మెట్ల దాకా నడిచాడు. మెట్లు నాచుతో జారుతున్నాయి. కింద పడవ వాళ్లు మోకు కడుతున్నారు.

ఫెలిక్స్, మధులిక అప్పటికే అక్కడున్నారు.

"పడవ రూల్. అందరి చేతులూ శుభ్రంగా ఉండాలి," అని ఫెలిక్స్ ఒక సానిటైజర్ సీసా మధులిక చేతికిచ్చాడు. "ముందు పెద్దాయనకి."

"అంకుల్, చేతులు పట్టండి," అంది మధులిక. అలవాటైన పని కాబట్టి గోపాలరావు అభిజిత్ పక్కనుంచి రెండు అరచేతులూ చాపాడు.

అరచేతులు!

నేరేడుపండు రంగు అభిజిత్ కళ్లముందు మెరిసింది. ఏడాదిన్నరగా లోకమంతా ఎవరు పోస్తే వాళ్ల దగ్గర చేతులు చాపుతోంది. రవి కూడా చాపి ఉంటాడు. ఒక్క ఉదుటున సీసా లాక్కున్నాడు.

"ముందు మీరు పట్టుండ్రి," అన్నాడు మధులికతో.

ఆమె తెల్లబోయింది. తర్వాత కోపంగా చూసింది. ఆ తర్వాత, ఒక్క మాట కూడా అడక్కుండా, రెండు చేతులూ సీసా కింద పట్టింది. ఆ చేతులు వణకడం లేదు.

అభిజిత్ బొటనవేలు పంపు మీద బిగిసింది. చుక్క మూతి దాకా వచ్చింది.

అప్పుడు కంటి చివర కనిపించాడు ఫెలిక్స్. రెండడుగులు వెనక్కి వేస్తున్నాడు. చేతులకి పల్చటి రబ్బరు గ్లవ్స్. పడవలో పొద్దున అవి లేవు.

అభిజిత్ బొటనవేలు తీసేశాడు. సీసా సముద్రంలోకి విసిరేశాడు.

ఫెలిక్స్ కత్తి తీశాడు. అభిజిత్ ట్రెయినింగ్ అంతా మరిచిపోయాడు. కెవ్వున అరిచి, తన వీపున ఉన్న బ్యాగు పట్టీ పట్టుకుని లాగి అడ్డంగా విసిరాడు. అది ఫెలిక్స్ ఛాతీకి తగిలింది. నాచు మీద కాలు జారి అతను మెట్ల మీంచి దొర్లాడు. లేవబోయేసరికి మధులిక మోకాలు అతని వీపు మీద, అతని కత్తి ఆమె చేతిలో ఉన్నాయి. పడవ వాళ్లు అదే మోకుతో కట్టేశారు.

గోపాలరావు అవతలి ఒడ్డు ఇంకా చేరలేదు. అయినా అభిజిత్ చేయి పట్టుకుని నంబర్ గబగబా చెప్పేశాడు. ఒక్కసారి కాదు, రెండుసార్లు.

అభిజిత్ పవర్ బ్యాంక్ తీసి కాల్ చేశాడు. రాజగోపాల్ విన్నాడు. అతన్ని లైన్‌లో ఉంచి ఇంకో ఫోన్‌లో విశాఖకి చెప్పాడు. "దొరికింది," అన్నాడు చివరికి. "లారీ మీదకి ఎక్కించి తాళ్లు కడుతున్నారట. ఆపారు." అంతే, చార్జ్ అయిపోయింది.

అభిజిత్ మధులిక వైపు తిరిగాడు. ఆమె చేతుల వైపు చూడలేకపోయాడు.

"అక్కా, రవి అన్న లేడు. పొద్దున నీకు అబద్ధం చెప్పిన."

ఆమె పొగమంచు వైపు తిరిగింది. "నన్ను చంపబోయావు," అంది.

"అవును."

"రవి అయితే పంపు నొక్కేవాడు." కళ్లు తుడుచుకుంది. "నువ్వు భయపడ్డావు కాబట్టి బతికాను."

నోరా కబురు చేస్తే అవతలి ఒడ్డు నుంచి గార్డ్స్ అని పిలిచే ఐరిష్ పోలీసుల బోటు వచ్చి ఫెలిక్స్‌ని తీసుకెళ్లింది. ముగ్గురూ బ్యాగులు సర్దుకుని పడవెక్కబోతుంటే నోరా ల్యాండ్‌లైన్ కాల్ అందుకుని పరుగున వచ్చింది. ఎక్కొద్దని దూరం నుంచే చేతులూపింది.

"గార్డ్స్ మీ జర్మన్‌కి టెస్ట్ చేయించారు. పాజిటివ్! మీరు ముగ్గురూ క్లోజ్ కాంటాక్ట్స్. పద్నాలుగు రోజులు ఇక్కడే. మీ బాస్ కూడా ఫోన్ చేశాడు. సెలవు శాంక్షన్ అయిందట."

హంతకుణ్ణి చూసి కూడా బిత్తరపోని గోపాలరావు ముఖం పాలిపోయింది.

"ఏవండీ బాబూ," అన్నాడు అభిజిత్ చెవిలో, "వారం రోజులుగా ఈవిడ చేత్తో ఉడకేసిన బంగాళాదుంపలే తిని బతికాను. మీ ఇద్దరిలో ఎవరికైనా వంట వచ్చునా?"